సవాల్‌కు జవాబ్ ఉండాలి కదా! – సీ భాష చిక్కుప్రశ్నల గురించి

ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న. అదే మాట తెలుగులోకి వచ్చేసరికి సవాలు అంటే పందెం, దమ్ముంటే రమ్మని పిలవటం అయిపోయింది. మన పిల్లలు రాసే ఇంజనీరింగు, ఎంసీఏ, క్యాంపస్ ఉద్యోగాల ఇమ్తిహాన్‌లలో సీ భాష మీద వచ్చే చిక్కుప్రశ్నలు చూస్తే ఈ రెండు అర్థాలూ కలిసిపోయాయనిపిస్తుంది. పిల్లవాడికి ఏం వచ్చో తెలుసుకోవటానికి అడిగే సవాల్ కంటే, వాడిని ఎలా పడగొట్టాలా అని విసిరే సవాలే ఎక్కువగా కనబడుతోంది.

"కింది ప్రోగ్రాము ఏం ప్రింటు చేస్తుంది?" అనే ప్రశ్నలన్నీ వద్దని నేను అనటం లేదు. వీటిలో మూడు రకాలున్నాయి. కొన్ని ఖరా సిక్కాలు. ఎక్కడికి తీసుకెళ్ళినా చెల్లుతాయి. కొన్ని ఒక ఊళ్ళో చెల్లి ఇంకో ఊళ్ళో చెల్లనివి. మిగిలినవి ఖోటా సిక్కాలు, అసలు ఎక్కడా చెల్లవు. ఈ మూడింటినీ ఒకే సంచిలో పోసి, మూడింటికీ ఒకే రకంగా మార్కులు వేయటం, కోయటం బేఇన్సాఫీ అని నా అభిప్రాయం. ఎందుకో వివరంగా చెబుతాను. కోడ్‌ను కూడా ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. చదువుకున్న పిల్లలు ఇట్టే పోల్చుకుంటారు. అమ్మీ అబ్బాలకు కూడా సంగతి అర్థం కావాలి, ఎందుకంటే ఫీజు కట్టేది వాళ్ళే.

సీ ఖానూన్ ఎక్కడుంది?

సీ భాషను అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ తయారు చేశాడు. 1969 నుంచి 1973 దాకా, యూనిక్స్ పని సాగుతున్న రోజుల్లోనే ఇదీ రూపు దిద్దుకుంది. దానికి ముందు కెన్ థాంప్సన్ చేసిన బీ భాష, దానికీ ముందు మార్టిన్ రిచర్డ్స్ చేసిన బీసీపీఎల్ ఉన్నాయి. అంటే సీ తాత ముత్తాతల నుండి కొంత ఆస్తి, కొంత బాకీ రెండూ తెచ్చుకుంది. 1978లో బ్రయాన్ కెర్నిగాన్, రిచీ కలిసి రాసిన పుస్తకమే చాలాకాలం అందరికీ ఆధారం. 1989లో అమెరికా ప్రమాణం, 1990లో అంతర్జాతీయ ప్రమాణం వచ్చాయి. తరువాత 1999లో, 2011లో, ఆ తరువాత కూడా దాన్ని సవరించారు.

ఈ ప్రమాణ దస్తావేజే సీ భాషకు ఖానూన్. లెక్చరర్ గారి నోట్సు, కోచింగ్ సెంటర్ మెటీరియల్, ల్యాబులోని కంప్యూటర్ – ఇవేవీ ఖానూన్ కాదు. ఒక ప్రశ్నకు జవాబు రైటా రాంగా అనే ఫైసలా చేయాల్సింది ఆ దస్తావేజు. నా వాదనంతా ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

మొదటి రకం: ఖరా సిక్కాలు

10 + 010 ఎంత? ఇరవై అనుకుంటాం. సీ భాషలో పద్దెనిమిది. అంకె ముందు సున్న పెడితే సీ దాన్ని ఎనిమిది ఆధారంగా లెక్కించే సంఖ్య అనుకుంటుంది. కాబట్టి 010 అంటే ఎనిమిది. ఇది బీ భాష నుండి వచ్చిన ఆదత్. అప్పటి కంప్యూటర్లలో ఎనిమిది ఆధారంగా రాయటమే వాడుక. ఇది ఉత్త తమాషా కాదు. నెలల అంకెలు అందంగా వరుసలో రావాలని 01, 02, 03 అని రాసుకుంటూ పోతే 07 దాకా ఏ గొడవా ఉండదు. 08 దగ్గర కంపైలర్ ఆగిపోతుంది, ఎందుకంటే ఎనిమిది ఆధారంగా లెక్కించేటప్పుడు 8 అనే అంకే ఉండదు. అక్కడ ఆగటం నయం. 100, 200ల సరసన సమానంగా కనబడాలని 010 అని రాస్తే మాత్రం అది చప్పుడు చేయకుండా ఎనిమిదిగా మారిపోతుంది. అరబ్బుల సిఫర్ నుండే ఇంగ్లీషువాళ్ళ జీరో, సైఫర్ మాటలు పుట్టాయి. ఎడమవైపు సిఫర్‌కు విలువ లేదని చిన్నప్పుడు నేర్చుకున్నాం. సీ భాషలో ఉంది. పైథాన్ మూడో తరంలో ఈ రాత పద్ధతినే రద్దు చేశారు. జావాలో ఇంకా ఉంది.

ఎ అనే వరుసలో మూడో నంబరు గడిని ఎ[3] అని రాస్తాం. దాన్నే 3[ఎ] అని రాస్తే ఏమవుతుంది? తప్పు అనిపిస్తుంది కానీ రెండూ ఒకటే. ఎ[3] అంటే సీ చేసుకునే తర్జుమా *(ఎ + 3). కూడికలో ఎటు నుండి కూడినా ఒకటే కాబట్టి *(3 + ఎ) కూడా అదే. అలా రాయమని ఎవరూ చెప్పరు. అయితే ఈ ప్రశ్న అర్థమైన పిల్లకు, వరుస పేరు అంటే దాని మొదటి గడి చిరునామాగా మారేదని, లెక్క ఎందుకు సున్న నుండి మొదలవుతుందో కూడా అర్థమైపోతుంది. ఒక ప్రశ్నతో రెండు పాఠాలు. ఇలాంటి సవాల్ అడిగిన ఉస్తాద్‌కు సలాం చేయొచ్చు.

ఇప్పుడు ఎ+++బి. దీన్ని ఎ++ + బి అని చదవాలా, ఎ + ++బి అని చదవాలా? మన ఇళ్ళలో పిల్లలకు చెప్పే "రోకో మత్ జానే దో" గుర్తుందా? "రోకో, మత్ జానే దో" అంటే ఆపండి, పోనివ్వద్దు. "రోకో మత్, జానే దో" అంటే ఆపొద్దు, పోనివ్వండి. కామా ఎక్కడ పడితే అక్కడ మతలబ్ తిరగబడుతుంది. మనిషి సందర్భం చూసి తేల్చుకుంటాడు. సీ కంపైలర్‌కు సందర్భం తెలియదు, అందుకని ఒక కాయిదా పెట్టుకుంది. ఎడమ నుండి మొదలుపెట్టి ఎంత పెద్ద గుర్తు దొరికితే అంత మింగేయాలి. కాబట్టి ముందు ++ తీసుకుని, మిగిలిన +ను కూడిక చేస్తుంది. అందుకే ఎ+++బి అంటే ఎ++ + బి. అదే కాయిదా వల్ల ఎ+++++బి అనేది కంపైలే కాదు, మధ్యలో ఖాళీలు పెట్టి ఎ++ + ++బి అని రాస్తే మాత్రం చక్కగా నడుస్తుంది.

ఎన్ సరిసంఖ్యా కాదా అని చూడటానికి ఎన్ & 1 == 0 అని రాస్తారు పిల్లలు. చూడటానికి బాగానే ఉంది. కానీ ఇది ఎప్పుడూ నిజం కాదు. సీ ముందు 1 == 0 అనేది తేల్చుకుంటుంది, అది సున్న. తరువాత ఎన్ & 0, అదీ సున్నే. బ్రాకెట్లు పెట్టి (ఎన్ & 1) == 0 అని రాయాలి. ఇంత తికమక వరుస ఎందుకు వచ్చిందో రిచీ స్వయంగా వివరించాడు. బీ భాషలో, తొలినాటి సీ భాషలో "ఇదీ, అదీ నిజమైతే" అనటానికి కూడా ఒకే & వాడేవారు. అప్పుడు ముందు పోలిక, తరువాత & అనే వరుస సరిగ్గానే ఉండేది. తరువాత ఆ పనికి && అనే వేరే గుర్తు వచ్చింది. అప్పుడే పాత & స్థానాన్ని మార్చాల్సింది, కానీ అప్పటికే రాసిన ప్రోగ్రాములు పాడవుతాయని మార్చలేదు. అప్పటికి సీ వాడే చోట్లు వేళ్ళమీద లెక్కపెట్టేన్ని. అప్పుడు కొద్దిమందికి కలిగే ఇబ్బంది చూసి వదిలేస్తే, ఇప్పుడు ప్రపంచమంతా ఆ బాకీ కడుతోంది.

మైనస్ ఒకటి పెద్దదా, ఒకటి పెద్దదా? మూడో తరగతి బచ్చా కూడా చెబుతాడు. సీ భాషలో ఆ ఒకటి "గుర్తులేని" రకం, అంటే అన్‌సైన్డ్ అయితే, మైనస్ ఒకటే పెద్దది! గుర్తు ఉన్నదాన్ని, లేనిదాన్ని పోల్చాల్సి వస్తే మైనస్ ఉన్నదాన్ని కూడా గుర్తులేనిదిగా మార్చాలని ఖానూన్. 32 బిట్ల కంప్యూటర్ లెక్కలో మైనస్ ఒకటి అలా మారితే 4294967295 అవుతుంది. ఇది తెలియక గుర్తులేని ఐతో "ఐ >= 0 ఉన్నంతసేపు ఐని తగ్గించుకుంటూ పో" అని లూప్ రాసిన పిల్లవాడి ప్రోగ్రాము ఎప్పటికీ ఆగదు. సున్న కంటే కిందికి పోవటం దానికి చేతకాదు మరి.

ఇవన్నీ ఖరా సిక్కాలు. ఏ కంప్యూటర్‌లో చూసినా, ఏ దేశంలో అడిగినా జవాబు అదే. ఖానూన్‌లో రాసి ఉంది. ప్రతి వింతకూ వెనుక ఒక కారణమో ఒక చరిత్రో ఉంది.

ఈ వింతలు తెలియకపోతే ఖతరా

"ఇవన్నీ పరీక్షల కోసమేగా, పనిలో ఎవరికి కావాలి?" అని కొందరంటారు. వాళ్ళకు మూడు సంగతులు చెప్పాలి.

1990 జనవరి 15న అమెరికాలో ఏటీ అండ్ టీ కంపెనీ దూరపు ఫోన్ల వ్యవస్థ దాదాపు తొమ్మిది గంటల పాటు కుప్పకూలింది. కోట్ల కాల్స్ కలవలేదు. ఎక్స్చేంజీలలోని సీ ప్రోగ్రాములో ఒక బ్రేక్ అనే మాట ఉండకూడని చోట ఉంది. స్విచ్ లోపల ఇఫ్, ఇఫ్ లోపల బ్రేక్. రాసినవాడు అది ఇఫ్ నుండి బయటపడేస్తుందనుకున్నాడు. సీ భాషలో బ్రేక్‌కు ఇఫ్‌తో సంబంధమే లేదు, అది మొత్తం స్విచ్ నుండే బయటపడేస్తుంది.

2003 నవంబరులో లినక్స్ కెర్నెల్ కోడ్ నకలు ఒకదానిలోకి ఎవరో దొంగతనంగా రెండు లైన్లు చొప్పించారు. పైకి చూస్తే మామూలు తనిఖీలా ఉంటుంది. కానీ "యూజర్ నంబరు సున్నకు సమానమా" అని == పెట్టాల్సిన చోట ఒకే ఒక = పెట్టారు. సీ భాషలో ఒక్క = అంటే "సమానమా?" అని అడగటం కాదు, "సమానం చేసేయ్" అని హుకుం. యూనిక్స్ లోకంలో సున్న నంబరు అంటే మొత్తం యంత్రానికి మాలిక్. అంటే ఆ దారి తెలిసినవాడు ఎవడైనా చటుక్కున మాలిక్ అయిపోతాడు. అసలు కాపీతో నకలు సరిపోలటం లేదని గమనించి పట్టుకున్నారు కాబట్టి అది అసలు కెర్నెల్‌లోకి పోలేదు.

2014 ఫిబ్రవరిలో ఆపిల్ కంపెనీ ఐఫోన్లలో ఒక పెద్ద లొసుగు బయటపడింది. వెబ్‌సైట్ అసలుదా నకిలీదా అని తనిఖీ చేసే సీ కోడ్‌లో "గోటూ ఫెయిల్" అనే లైను రెండుసార్లు పడింది. ఇఫ్ కింద మీసాల బ్రాకెట్లు పెట్టలేదు. ఇఫ్ మాట మొదటి లైనుకే వర్తిస్తుంది. రెండోది చూడటానికి దాని కిందే ఉన్నట్టున్నా ప్రతిసారీ నడుస్తుంది. ఫలితంగా చివరి తనిఖీ జరగకుండానే అంతా బాగుందని వదిలేసింది.

ఒక బ్రేక్, ఒక =, ఒక లేని బ్రాకెట్. ఇవి తెలిసిన పిల్లలు మనకు కావాలి. అందుకే మంచి చిక్కుప్రశ్నలకు నేను తరఫుదారును. అలన్ ఫ్యూయర్ 1982లోనే సీ పజిల్స్ పుస్తకం రాశాడు. ఆండ్రూ కోనిగ్ 1989లో సీ భాషలోని గుంటల గురించే ఒక పుస్తకం రాశాడు. అర్థంకాకుండా రాసే సీ ప్రోగ్రాముల అంతర్జాతీయ పోటీ 1984లో మొదలైంది. ఈ షౌక్ పాతదే, గౌరవమైనదే.

రెండో రకం: ఊరు మారితే చెల్లనివి

"ఇంట్ సైజు ఎన్ని బైట్లు?" మన దగ్గర పాత పుస్తకాలు రెండు అంటాయి. ఈరోజు ల్యాప్‌టాప్‌లో నాలుగు వస్తుంది. ఖానూన్ ఏమంటుంది? కనీసం మైనస్ 32767 నుండి ప్లస్ 32767 దాకా పట్టాలి, అంతకుమించి కంపైలర్ వాళ్ళ ఇష్టం అంటుంది. రెండూ సరైనవే.

మన కాలేజీలకు ఈ రెండు బైట్ల అలవాటు ఎక్కడి నుండి వచ్చిందో అందరికీ తెలుసు. డాస్ కాలపు టర్బో సీ, ఆ నీలం తెర. మైక్రోసాఫ్టు, ఇంటెల్ ఎక్కడికో పోయాయి, ఆ నీలం తెర మాత్రం ఎన్నో ల్యాబుల్లో అలాగే ఉండిపోయింది. దాన్ని ఈనాటి కంప్యూటర్లలో నడపటానికి పాత డాస్‌ను నటించే ఇంకో ప్రోగ్రాము కావాలి! వాయిడ్ మెయిన్, క్లియర్ స్క్రీన్ అని రాసి ఆ పరీక్ష పాసైన పిల్లవాడు, ఉద్యోగంలో లినక్స్ ముందు కూర్చుంటే తన మొదటి ప్రోగ్రామే కంపైల్ కాక తెల్లమొహం వేస్తాడు.

ఇంకో ఉదాహరణ. క్యార్ రకం గడిలో 255 పెట్టి, అది 255కి సమానమా అని అడిగితే? మామూలు ఇంటెల్ కంప్యూటర్‌లో జీసీసీ కంపైలర్‌తో కాదని వస్తుంది, ఎందుకంటే అక్కడ క్యార్‌కు గుర్తు ఉంటుంది, 255 మైనస్ ఒకటిగా మారుతుంది. ఆర్మ్ చిప్పు ఉన్న లినక్స్ యంత్రంలో అవునని వస్తుంది, అక్కడ క్యార్‌కు గుర్తు ఉండదు.

ఇలాంటి ప్రశ్నలు అడగొద్దని అనను. అడిగేటప్పుడు షరతు చెప్పాలి. ఏ కంపైలర్, ఏ యంత్రం అని ప్రశ్నలోనే రాయాలి. భూమి కొలత ఎకరాల్లోనా గుంటల్లోనా అని చెప్పకుండా "ఎంత?" అని అడిగితే ఏ అమీను జవాబు చెబుతాడు?

మూడో రకం: ఖోటా సిక్కాలు

ఇక అసలు ఫిర్యాదుకు వస్తాను. ఐ విలువ 5. అప్పుడు ++ఐ + ++ఐ ఎంత?

మా బంధువుల అమ్మాయి ఒకామె ఒక ప్రాక్టీసు టెస్టులో దీనికి 13 అని పెట్టింది. కీలో 14 అని ఉంది. మార్కు పోవటమే కాక మైనస్ మార్కు కూడా పడింది. ఆమె తన ఫోనులోని కంపైలర్‌లో వేసి చూస్తే 13 వచ్చింది. కాలేజీ ల్యాబులో వేస్తే 14 వచ్చింది. "చాచా, నాకు కోడింగ్ రాదేమో. ఎన్నిసార్లు చదివినా ఇవి అర్థం కావటంలేదు" అంది. నేను చెప్పింది ఒకటే. "బేటీ, నీకు అర్థం కాకపోవటం కాదు. అందులో అర్థమే లేదు."

నిజంగానే మామూలుగా జీసీసీ 14 ఇస్తుంది, క్లాంగ్ 13 ఇస్తుంది. జీసీసీ రెండుసార్లు పెంచి, ఏడు ప్లస్ ఏడు అంటుంది. క్లాంగ్ ఆరు ప్లస్ ఏడు అంటుంది. రెండూ ప్రపంచమంతా వాడే పేరున్న కంపైలర్లే. వీటిలో ఏది తప్పు? ఏదీ కాదు. ఎందుకంటే సీ ఖానూన్ ఒకే విలువను ఒకే వాక్యంలో, మధ్యలో ఏ వరుసా ఖరారు కాకుండా, రెండుసార్లు మార్చొద్దని చెబుతుంది. మారిస్తే ఏమవుతుంది? ఏమైనా కావచ్చు. దీన్నే నిర్వచనం లేని ప్రవర్తన అంటారు. ఐ = ఐ++ కూడా ఇదే జాతి. ప్రింటెఫ్‌లో ఐ++, ఐ, ++ఐ అని మూడూ పక్కపక్కన పెట్టి అడిగే మన అభిమాన ప్రశ్న కూడా ఇదే జాతి.

"ఏమైనా కావచ్చు" అనే మాటను సీ పండితులు 1992 నుండి ఒక జోకుగా చెప్పుకుంటారు. అలాంటి కోడ్ రాస్తే నీ ముక్కులోంచి దెయ్యాలు ఎగిరొచ్చినా ఖానూన్ ప్రకారం సరైనదే అని. మన భాషలో జిన్నాతులు అనుకోండి. జోకు జోకే గానీ దెబ్బ నిజమైనదే. 2009లో లినక్స్ కెర్నెల్‌లోని ఒక డ్రైవర్‌లో ఇలాగే జరిగింది. ఒక చిరునామాను ముందు వాడేసి, తరువాతి లైన్లో అది ఖాళీ చిరునామానా అని తనిఖీ పెట్టారు. ఖాళీ చిరునామాను వాడటం నిర్వచనం లేని పని. కంపైలర్ ఏమనుకుంది? "ముందే వాడారు కాబట్టి ఇది ఖాళీ అయ్యే ప్రసక్తే లేదు. ఇక తనిఖీ ఎందుకు?" అని ఆ తనిఖీనే తీసేసింది. రాసినవాడి కోడ్‌లో తాళం ఉంది, తయారైన ప్రోగ్రాములో లేదు. దొంగలకు దారి దొరికింది. తరువాత కెర్నెల్ వాళ్ళు అలాంటి తనిఖీలను తీసెయ్యొద్దని కంపైలర్‌కు విడిగా ఆర్డరు పెట్టుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆలోచించండి. నిర్వచనం లేని పనికి "కచ్చితంగా 14" అని జవాబు నేర్పిన ఉస్తాద్ తన షాగిర్ద్‌కు ఏం నేర్పినట్టు? ఈ భాషలో ఏం రాసినా ఏదో ఒక జవాబు వస్తుంది, నా కంప్యూటర్‌లో వచ్చిందే ఖానూన్ అని నేర్పినట్టు. ఉద్యోగంలో చేరిన రోజు నుండి ఆ పిల్ల ఏ ఆదత్ మానుకోవాలో సరిగ్గా అదే ఆదత్ మార్కులిచ్చి మరీ నేర్పుతున్నారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

వాళ్ళ వాదన, నా జవాబు

"ఇవి దిమాగ్‌కు పదును పెడతాయి" అంటారు. జవాబు ఉన్న ప్రశ్న పదును పెడుతుంది. జవాబు లేని ప్రశ్నకు కీలోని అంకె బట్టీ పట్టటం వల్ల దిమాగ్ మొద్దుబారుతుంది. పదునే కావాలంటే సైజాఫ్(ఐ++) రాసిన తరువాత ఐ ఎంత అని అడగండి. మామూలు ఇంట్ అయితే ఐ మారదు, ఎందుకంటే సైజాఫ్ లోపలి లెక్కను చేయదు, దాని రకాన్ని మాత్రమే చూస్తుంది. చిక్కు అంతే ఉంది, జవాబూ ఉంది.

"జావాలో దీనికి జవాబు ఉందిగా" అంటారు. ఉంది. జావా ఎడమ నుండి కుడికి లెక్కించాలని ఖరారు చేసింది, అక్కడ 13 వస్తుంది. కాబట్టి జావా పరీక్షలో అడగండి. సీ ఆ ఖరారు చేయలేదు. తొలినాళ్ళ నుండీ రకరకాల యంత్రాల మీద వేగంగా నడవాలని కంపైలర్‌కు ఆ స్వేచ్ఛ వదిలింది. అది గల్తీ అనండి, తెలివి అనండి, ఖానూన్ మాత్రం అదే.

"కంపెనీలు అడుగుతున్నాయి, మేం నేర్పకపోతే పిల్లలకు నౌకరీలు ఎలా వస్తాయి?" అంటారు. ఇది మాత్రం బరువున్న మాట. ఇంట్లో మొదటిసారి ఇంజనీరింగు చదివిన పిల్లవాడికి ఒక్క మార్కు కూడా చిన్నది కాదు. ఆటో నడిపే అబ్బా, మిషన్ కుట్టే అమ్మీ ఆ మార్కు కోసం రెండేళ్ళు ఎదురుచూస్తారు. అందుకే ఆదర్శాలు చెప్పి పిల్లలను ఆగం చేయను. పరీక్షలో "నిర్వచనం లేదు" లేదా "కంపైలర్‌ను బట్టి" అనే ఎంపిక ఉంటే నిస్సంకోచంగా అదే పెట్టండి. లేకపోతే వాళ్ళ పాత పేపర్లలో ఏది రైట్ అన్నారో అది పెట్టి ముందుకు పోండి, అక్కడ పోట్లాట వద్దు. ఇంటర్వ్యూలో మనిషి ఎదురుగా ఉంటే మాత్రం నోరు విప్పాలి. "సర్, ఒకే వాక్యంలో ఐని రెండుసార్లు మారుస్తున్నారు, సీ ప్రమాణం ప్రకారం దీనికి ఖరారైన జవాబు లేదు. మీ ఉద్దేశం ఇదైతే దీన్ని రెండు లైన్లుగా ఇలా రాస్తాను" అని అదబ్‌తో చెప్పి రాసి చూపించండి. అవతల కూర్చున్నది పని తెలిసినవాడైతే 14 అన్నవాడి కంటే మిమ్మల్నే ఎక్కువ లెక్కచేస్తాడు.

ఏం చేయాలి?

ఉస్తాదులకు మూడు మనవులు. ఒకటి, పేపరు తయారు చేసేటప్పుడు ప్రతి చిక్కుప్రశ్ననూ కనీసం రెండు కంపైలర్లలో వేసి చూడండి. జీసీసీ, క్లాంగ్ రెండూ ముఫ్త్‌గా దొరుకుతాయి. జవాబులు తేడా వస్తే ఆ ప్రశ్న పేపరులో ఉండకూడదు. అయితే జవాబులు కలిసినంత మాత్రాన ప్రశ్న మంచిదని కాదు, ఎందుకంటే ఖోటా సిక్కా ఒక్కోసారి రెండు కొట్లలోనూ చెల్లిపోతుంది. అందుకే రెండో మనవి. కంపైలర్ హెచ్చరికలన్నీ ఆన్ చేసి వేయండి. ++ఐ + ++ఐ రాస్తే రెండు కంపైలర్లూ ఇది సరైనది కాదని నోరు తెరిచి చెబుతాయి. కంపైలరే సాక్ష్యం చెబుతుంటే మనం వినకపోతే ఎలా? మూడు, కీలో జవాబు పక్కన కారణం ఒక వాక్యంలో రాయండి. కారణం రాయలేకపోతే ప్రశ్న తీసేయండి.

పిల్లలకు ఒక మాట. ఇంట్లో దక్కనీ, బళ్ళో తెలుగు, కంప్యూటర్ ముందు ఇంగ్లీషు – మూడు భాషల మధ్య తిరిగే మీకు సీ వింతలు కొత్త కాదు. ఉర్దూలో "కల్" అంటే నిన్నా అవుతుంది, రేపూ అవుతుంది. వెనకాల వచ్చే క్రియ చూసి ఏదో తేల్చుకుంటారు. సీ భాషలో * కూడా అంతే. ఒకచోట గుణకారం, ఒకచోట చిరునామా రకం, ఇంకోచోట ఆ చిరునామాలో ఉన్న సరుకు. కానీ క్రియ లేకుండా ఒట్టి "కల్" అని రాసి, నిన్నా రేపా చెప్పు, తప్పయితే మార్కు కోస్తాను అంటే అది మీ భాషా జ్ఞానానికి పరీక్ష కాదు. ఆ తేడా గుర్తుపట్టటమే అసలు ఇల్మ్. ఏ చిక్కుప్రశ్న చూసినా ముందు ఒకటే అడగండి. దీనికి ఖానూన్‌లో జవాబు ఉందా, యంత్రాన్ని బట్టి ఉందా, అసలు లేదా? ఈ మూడింటిలో ఏదో చెప్పగలిగితే మీకు సీ వచ్చినట్టే.

అమ్మీ అబ్బాలకు కూడా ఒక మాట. మీ పిల్లకు ప్రాక్టీసు టెస్టులో మార్కులు తగ్గితే వెంటనే ఇంకో కోచింగ్‌కు ఫీజు కట్టకండి. ఏ ప్రశ్నలు పోయాయో కూర్చోబెట్టి అడగండి. 010 లాంటివి పోతే ఇంకా మెహనత్ చేయాలి. ++ఐ + ++ఐ లాంటివి పోతే ఆ పిల్ల మార్కు పోగొట్టుకుంది గానీ తెలివి పోగొట్టుకోలేదు. ఆ సంగతి ఆమెకు ఇంట్లోవాళ్ళ నోటి నుండి తెలియాలి. కాలేజీకి వెళ్ళినప్పుడు ఆ ప్రశ్నాపత్రాన్ని వెంట తీసుకెళ్ళి, ఈ జవాబుకు ఆధారం సీ ప్రమాణంలో ఎక్కడుందో చూపమని అదబ్‌గానే అడగండి. అడగటం తల్లిదండ్రులుగా మీ హక్కు.